పద్దెనిమిది వేల రియాళ్ళ గోడ

మక్తబ్ మనిషి ఆ కాగితాన్ని మా టీపాయి మీద పరిచి, పెన్ను మూత కూడా తనే తీసి మా ఆయన చేతికిచ్చినాడు. అబ్బో, ఏం మర్యాద! ఆ మూత తీసిన తీరు చూస్తూనే నాకు ఒళ్ళు మండింది.

మక్తబ్ అంటే ఇక్కడ ఇళ్ళు బాడుగకిచ్చే ఆఫీసు. ఓనరు ఎట్లుంటాడో మాకు తెలీదు. బాడుగ తీసుకునేదీ, అరిచేదీ అంతా వీళ్ళే. సౌదీలో, అల్ ఖోబర్‌లో, అజీజియాలో, నాలుగంతస్తుల బిల్డింగులో రెండో అంతస్తు మాది. ఆరేళ్ళలో ఒక్క నెల కూడా బాడుగ ఆలస్యం చేయలేదు. అట్లాంటి ఇంటికొచ్చి, మేమిచ్చిన టీ తాగుతా, కాగితం మీద వేలు పెట్టి చూపించినాడు. కాగితమంతా అరబ్బీ. అందులో నాకు తెలిసింది అంకె ఒక్కటే. పద్దెనిమిది వేల రియాళ్ళు.

వచ్చీ రాని హిందీలో వాడు చెప్పిందేందంటే, మా కింది ఇంటి వంటగది సీలింగు తడిసి పెచ్చులూడి పడిందంట. దానికి కారణం మేమేనంట. మా వంటిల్లూ, బాత్రూమూ నేలలు తవ్వి, పైపులు మార్చి, కింది సీలింగు మళ్ళీ కట్టాలంట. ఆ ఖర్చంతా మాదేనని మేము ఒప్పుకున్నట్టు ఈ కాగితం. "మదామ్ హర్ జుమ్మా బహుత్ పానీ గిరాతా," అని నా వైపు తిరిగి నవ్వినాడు.

వాడు చెప్పింది నిజం. ప్రతి శుక్రవారం పొద్దున్నే నేను నాలుగు బకెట్ల నీళ్ళు పోసి ఇల్లు కడుగుతా.

మా ఆయన పెన్ను పట్టుకొని కాగితం మీదికి వంగినాడు. నేను కాగితం లాగేసుకున్నా. "చదివించుకొని చెప్తాం," అన్నా. వాడు ఎగాదిగా చూసి, గురువారం సాయంత్రం దాకా గడువన్నాడు. ఆ తర్వాత కేసు వేస్తారంట. కేసు పడితే మా ఆయన పేరు మీద అన్నీ ఆన్‌లైన్‌లో ఆగిపోతాయంట, అఖామా రెన్యువల్‌తో సహా. అఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిటు. ఆ మాట చెప్పి టీ గ్లాసు బోర్లించి లేచినాడు.

ఆ రోజు ఆదివారం. 

ఆ డబ్బు మా దగ్గర లేక కాదు. ఉండాది. అదే వచ్చిన చిక్కు. ఇక్కడ పెళ్ళాం పిల్లల్ని పెట్టుకోవాలంటే ఏటా తలకింత అని అఖామాతో పాటు ఫీజు కట్టాలి. నాకూ, ఇద్దరాడపిల్లలకూ వచ్చే నెలే అది కట్టాలి. స్కూలు ఫీజూ అందులోనే. ఏడాదంతా దాచి పెట్టింది సరిగ్గా అంతే. అది ఆ నేల కింద పోస్తే మేము ముగ్గురం ఎగ్జిట్ వీసా కొట్టించుకొని ప్రొద్దుటూరు పోవాల్సిందే. మా ఆయన కంపెనీ వాళ్ళ క్యాంపులో, ఆరుగురుండే రూములో మంచమెక్కాల్సిందే. పెద్దది పదో తరగతి. పరీక్షలు నాలుగు నెలలు కూడా లేవు. మా కళ్ళ ముందరే ఈ బిల్డింగులోనే మూడు కాపురాలు అట్లా సగం సగం అయిపోయినాయి. ఒకసారి ఫ్యామిలీని పంపించిన వాడు మళ్ళీ తెచ్చుకున్నది నేనైతే చూడలేదు.

మక్తబ్ మనిషి పోయినాక మా ఆయన టీ గ్లాసులు తీసి సింకులో పెట్టొచ్చినాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "పెట్టేద్దాం మే సంతకం."

"ఏంది పెట్టేది? తెలుస్తా ఉందా నువ్వేమంటున్నావో?"

"వాళ్ళతో మనం పోరాడగలమా? మీరు ఊరికి పోండి. ఒక రెండేళ్ళు. నేను క్యాంపులో ఎట్లో సర్దుకుంటా."

కూర ఉప్పు చూసి చెప్పినంత తేలిగ్గా చెప్పినాడు ఆ మాట. మాది మేనరికం. చిన్నప్పటి నుంచి మామా అనే పిలుస్తా. ఆయన మెత్తటి మనిషని నాకు తెలుసు, బేరమాడడం కూడా రాదు. కానీ ఇంత మెత్తనా? "మామా, నీకు మేం బరువైనామా?" అని అడిగినా. లేదన్నట్టు తల ఊపి, లేచి బయటికి పోయినాడు.

నీళ్ళ సంగతి చెప్తా. మేము ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునే సాయిబులం. ఇక్కడి హైదరాబాదు వాళ్ళు "మీరేం ముసల్మాన్లమ్మా, ఉర్దూ రాదు" అని ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. మా అమ్మ శుక్రవారం ఇల్లు కడగందే పొయ్యి వెలిగించేది కాదు. కడగడమంటే గుడ్డతో తుడవడం కాదు. బకెట్లు కుమ్మరించి, పొరకతో గీకి, నీళ్ళన్నీ తూము దాకా తరిమితే అప్పుడు ఇల్లు కడిగినట్టు. ఇక్కడికొచ్చినాక కూడా నేను అట్లే చేస్తా. ఈ ఇళ్ళల్లో వంటింట్లోనూ నేలకు తూము ఉంటుంది కాబట్టి సరిపోయింది. కడిగిన నేల మీద ఒట్టి కాళ్ళతో నడిస్తే ఇక్కడి దుమ్మూ, ఉక్కా, అన్నీ మర్చిపోతా. బిల్డింగు కాపలాదారు మెట్ల మీద ఉండి ఆ చప్పుడు వింటాడు. వాడే చెప్పుంటాడు మక్తబ్‌లో.

ఆ రాత్రి పిల్లల మొహాలు చూడలేకపోయినా. నా చేతులారా నేనే మా కాపురాన్ని బకెట్లతో కడిగి తూములో తోసినానా అని ఒకటే దిగులు.

సోమవారం పొద్దున పిల్లల్ని స్కూలు బస్సెక్కించి, తిట్లు తినడానికి సిద్ధపడి కింది ఇంటికి పోయినా. అక్కడుండేది కరీంనగర్ అమ్మాయి. ఒక క్లినిక్‌లో ఇన్సూరెన్సు కాగితాలు చూసే పని, మధ్యాహ్నం డ్యూటీ. తలుపు తీస్తూనే నా చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కుపోయింది.

"చూడక్కా, చూడు. మొన్న పెచ్చు వచ్చి గీడ పడ్డది. గీడనే నా బిడ్డ ఆడుకుంటది రోజూ. నెత్తి మీద పడితే?"

తలెత్తి చూసినా. తలుపంత మేర సీలింగు నల్లబడి, లోపలి ఇనుప కమ్మి కనపడతా ఉంది. సింకు పక్కన ఒకచోట నుంచి చుక్క. ఇంకో చుక్క. కింద తెల్ల టబ్బు. "నావల్లే కదా అమ్మాయ్," అనేసినా. అనేసి ఏడ్చేసినా. కాగితం తీసి చేతిలో పెట్టినా.

ఆ పిల్ల కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసి, దాంట్లోనే ఇంగ్లీషు చేసుకొని చదివింది. చదివే కొద్దీ కనుబొమ్మలు పైకి పోయినాయి. "అన్న సంతకం పెట్టిండా?"

"లేదు."

"మంచి పని. అస్సలు పెట్టొద్దు. గిది ఎస్టిమేట్ కాదక్కా, కన్ఫెషన్. తప్పు మాదే అని ఒప్పుకున్నట్టు. ప్లంబర్ ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ ఏది? ఏ పైప్ లీకో ఏది? ఏం లేకుండ డైరెక్ట్ అమౌంట్ వేస్తరా? నేను క్లినిక్‌ల గిట్లాంటి క్లెయిమ్ పంపితే ఇన్సూరెన్సోడు నా మొహం మీద కొడ్తడు. మీ కాంట్రాక్ట్ ఉందా?"

బాడుగ కాంట్రాక్టు ఆన్‌లైన్‌లో రిజిస్టరు చేసిందే. మా ఆయన ఎప్పుడో నా ఫోనుకు పంపినాడు, నేను ఒక్కసారి కూడా తెరవలేదు. అందులో అరబ్బీ పక్కనే ఇంగ్లీషు కూడా ఉండాదని అప్పుడే చూసినా. ఆరేళ్ళుగా మా హక్కులు నా ఫోనులోనే ఉన్నాయి, వంట వీడియోల పక్కన. ఆ పిల్ల వేలితో జరుపుకుంటా చదివి చెప్పింది. గోడల్లో దాగున్న పైపులు, కరెంటు వైర్లు, బిల్డింగుకు సంబంధించిన పెద్ద రిపేర్లు ఓనరువి. మన వాడకం వల్ల పాడైంది మాత్రమే మనది.

"అంటే, నేను నీళ్ళు పోయడం వల్ల అయితే మాదే కదా?"

"అయితేనే. అయ్యిందని వాళ్ళు చూపియ్యాలె. నువ్వే ఒప్పేసుకుంటే ఎట్ల?"

ఇంకో లైను కూడా చదివింది. ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఇంట్లో ఎటువంటి రిపేరూ, మార్పూ చేయకూడదు. అది వింటూనే నాకు మా సింకు గోడ గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట సింకు వెనక గోడలో పైపు చెమర్చింది. మా ఆయన ఏసీ టెక్నీషియను. చేతిలో పని ఉండగా ఇంత చిన్నదానికి ఓనరును ఎందుకు విసిగించాల, మళ్ళీ బాడుగ పెంచుతాడు అని, తెలిసిన వాళ్ళ దగ్గర ప్లాస్టిక్ పైపులు అతికే వెల్డింగు మిషను తెచ్చి, రెండు టైల్సు తీసి, చెడిపోయిన ముక్క కోసి కొత్త ముక్క అతికించినాడు. టార్చిలైటు పట్టుకుంది నేనే. మళ్ళీ టైల్సు పెట్టి వైట్ సిమెంటు పూస్తే, తీసినట్టు కూడా తెలీలేదు. మేమిద్దరం ఎంత మురిసిపోయినామో. మావాళ్ళందరిదీ ఇదే తీరు. ఓనరు గీజరు మేమే చేసుకుంటాం, ఓనరు మోటరు మేమే చేసుకుంటాం, చేసి నోరు మూసుకుంటాం. అట్లుంటే మంచి బాడుగవాళ్ళు అనుకుంటారని మా పిచ్చి. 

ఆ సంగతి ఆ పిల్లకు చెప్పినా. "గది మాత్రం నువ్వు ఎవ్వరికి చెప్పకు ఇప్పుడే," అంది. నాకు భయం ఆ లైను గురించే. జాయింటు గురించి కాదు. మా ఆయన పెట్టిన జాయింటు కారదు. అది నాకు తెలుసు.

ముందు నా నీళ్ళ సంగతి తేల్చుకోవాలనుకున్నా. ఉపాయం నాదే, గొప్పకు చెప్పుకోవడం కాదు. ఇంట్లో బిర్యానీ రంగు డబ్బా ఉండింది. పైకి పోయి, ఒక్కో బకెట్లో గుప్పెడు రంగు కలిపి, శుక్రవారం ఎట్లా పోస్తానో అట్లే నాలుగు బకెట్లూ వంటింట్లో కుమ్మరించినా. తూముకు గుడ్డ కుక్కి, నీళ్ళు ముప్పావు గంట నిలబెట్టినా. నేలంతా ఎర్రగా అయింది. నా కాళ్ళు కూడా. కింద ఆ పిల్ల టబ్బు కడిగి, లోపల తెల్ల తువ్వాలు పరిచి, కుర్చీ వేసుకొని కూర్చుంది.

ఫోను చెవి దగ్గర పెట్టుకొని అడుగుతా ఉన్నా. "వచ్చిందా?"

"రాలే."

"ఇప్పుడు?"

"చుక్క పడుతుంది. తెల్లగనే ఉంది."

ఆ ముప్పావు గంటలో నేను చేయని మొక్కు లేదు. గుడ్డ తీసేసి నీళ్ళు తరిమి కిందికి పరిగెత్తినా. తువ్వాలు తడిసింది గానీ మల్లెపువ్వంత తెల్లగా ఉండాది. ఆ పిల్ల క్లినిక్‌కు పోయేదాకా చూసినాం, రాత్రి వాళ్ళాయన చూసినాడు, మంగళవారం పొద్దున మళ్ళీ నేను పోయి చూసినా. చుక్క పడతానే ఉంది, రంగు మాత్రం లేదు. "ఇది నేల మీది నీళ్ళు కాదక్కా. గంత తేటగ ఎట్లుంటయ్? ట్యాంకు నుంచి వచ్చే పైపే," అంది ఆ పిల్ల. నేను ఆ పిల్లను గట్టిగా పట్టుకొని, వాళ్ళ బిడ్డను ఎత్తుకొని గిరగిరా తిప్పినా. నాది కాదు! నేను కాదు!

మధ్యాహ్నం అన్నానికి మా ఆయన ఇంటికొస్తే తలుపు దగ్గరే చెప్పేసినా. రంగు కలిపింది, కుమ్మరించింది, తువ్వాలు, అన్నీ. "నా నీళ్ళు కావు మామా! గోడలో పైపంట! అది ఓనరుదేనంట, కాంట్రాక్టులో రాసుండాది! గోడ పగలగొట్టి చూడమందాం!"

ఆయన సంతోషపడలేదు. షూ లేసు విప్పుతా విప్పుతా ఆగిపోయి, "గోడ ఎందుకు పగలగొట్టడం?" అన్నాడు.

"ఎందుకేంది? ఎక్కడ కారుతుందో తెలియాలి కదా?"

"అనుమతి లేకుండా పైపు మార్చినామని బయటపడతాది."

"పడనీ. చెడిపోయింది బాగు చేసినాం. దొంగతనం చేయలేదు కదా."

"వద్దు మే. నా మాట విను. సంతకం పెట్టేద్దాం."

అన్నం ముందర కూర్చొని, ఒక్క ముద్ద కూడా సరిగా తినకుండా అదే మాట. నేనెంత అరిచినా అదే మాట. నాకు తిక్క రేగింది. "నువ్వు సంతకం పెడితే పెట్టు. నేను మాత్రం ఎగ్జిట్ కాగితం మీద వేలు కూడా పెట్టను. నన్ను ఎత్తుకొనిపోయి ఫ్లైటులో పడేయించు!" అన్నా. పెద్దది అప్పుడే స్కూలు నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "అమ్మా, మనం పోతున్నామా?" అని అడిగింది. మా ఇద్దరి మొహాలూ చూసింది. అది బ్యాగు కూడా దించకుండా గదిలోకి పోయి తలుపేసుకుంది.

ఆ రోజే కరీంనగర్ అమ్మాయి క్లినిక్ నుంచే మెయిలు రాసి పంపింది, నేను మా ఆయన ఫోను నుంచి మక్తబ్‌కు పంపించినా. చెప్పి పంపలేదు, ఆయన నమాజుకు పోయినప్పుడు పంపినా. అది తప్పే. కానీ పంపినా. అందులో మూడే మాటలు. ఈ మొత్తం మేము ఒప్పుకోవడం లేదు. లీకేజీ ఎక్కడో మా ముందర, కింది ఇంటివాళ్ళ ముందర, గోడ తెరిచి చూపించండి. అది తేలేదాకా ఏ కాగితం మీదా సంతకం చేయం. కింది ఇంటి నుంచి ఆ పిల్ల కూడా తన పేరు మీద వేరే రాసింది, నా బిడ్డకు ప్రమాదం, వెంటనే రిపేరు చేయండి, మక్తబ్ జాప్యానికి మక్తబే బాధ్యత అని. వాళ్ళకు రెండో మెయిలుకే భయం పుట్టిందని నాకు అనుమానం.

బుధవారం మక్తబ్ వాడు ఫోను చేసి మా ఆయన మీద అరిచినాడు. మెయిలు సంగతి అప్పుడు తెలిసింది ఆయనకు. నన్ను తిడతాడనుకున్నా. తిట్టలేదు. "ఎందుకు చేసినావు మే ఇట్లా," అని మాత్రం అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తిట్టింటే బాగుండునే అనిపించింది. గురువారం పదింటికి ప్లంబరును తీసుకొస్తామని, ఓనరు కూడా వస్తాడని, తప్పు మాదని తేలితే పద్దెనిమిది వేల మీద ప్లంబరు ఖర్చు కూడా మేమే కట్టాలని వాడు చెప్పినాడంట.

గురువారం. మా ఆయన లీవు పెట్టినాడు. మక్తబ్ మనిషి అదే నవ్వుతో వచ్చినాడు. వాడి వెనకే, చేతికర్ర పట్టుకొని ఒక ముసలాయన. ఆయనే ఓనరు. కింద నుంచి రెండంతస్తులెక్కి వచ్చేసరికి రొప్పుతున్నాడు. నేను కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చినా. వంటిల్లంతా మనుషులే. నేను, కరీంనగర్ అమ్మాయి, మక్తబ్ వాడు, ఓనరు, పెషావరు ప్లంబరు. అందరమూ సింకు వైపు చూస్తా ఉన్నాం. మా ఆయన ఒక్కడే తలుపు దగ్గర నిలబడి నేల చూస్తా ఉన్నాడు.

ప్లంబరు సుత్తీ ఉలీ తీసినాడు. మొదటి దెబ్బకు టైలు పగిలింది. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన లేడు. మెట్ల తలుపు మూసుకున్న చప్పుడు వినబడింది.

నాకు కోపమొచ్చింది. ఇట్లాంటప్పుడు ఆడదాన్ని నన్నొక్కదాన్నే నిలబెట్టి పోతాడా? పళ్ళు బిగించి నిలబడ్డా. రెండో టైలు ఊడింది. సిమెంటు రాలింది. ప్లంబరు చేత్తో దుమ్ము తుడిచి టార్చి వేసినాడు. తెల్ల పైపు కనపడింది, మధ్యలో మా ఆయన అతికించిన ముక్క, రెండు వైపులా రెండు జాయింట్లు. గోడ లోపలంతా తడి.

మక్తబ్ వాడు ముందుకు దూకినాడు. "ఇదిగో! ఎవరో పైపు మార్చినారు! ఎవరు మార్చినారు?"

కరీంనగర్ అమ్మాయి నా చెయ్యి గట్టిగా నొక్కింది, మాట్లాడొద్దని. కానీ అబద్ధం నా నోటికి రాలేదు. "మా ఆయనే," అన్నా. "రెండేళ్ళ కిందట. కారతా ఉంటే బాగు చేసినాడు."

"అనుమతి లేకుండా!" అని వాడు ఓనరు వైపు తిరిగి గబగబా అరబ్బీలో మాట్లాడినాడు. కాంట్రాక్టు అన్న మాట రెండుసార్లు వినబడింది. అయిపోయింది అనుకున్నా. ప్రొద్దుటూరు బస్టాండు, మా ముగ్గురి పెట్టెలు, అన్నీ కళ్ళ ముందర తిరిగినాయి.

ముసలాయన వాణ్ణి చెయ్యెత్తి ఆపి, ప్లంబరును ఏదో అడిగినాడు. ప్లంబరు పొడిగుడ్డ తీసి పైపంతా తుడిచినాడు. జాయింటు చుట్టూ వేళ్ళు తిప్పినాడు. మళ్ళీ తుడిచినాడు. వేళ్ళు పొడిగా ఉన్నాయి. రెండో జాయింటు, అదీ పొడే. తర్వాత ఇంకో టైలు పగలగొట్టి కిందికి పోయినాడు. మూరెడు కింద, బిల్డింగు కట్టినప్పుడు పైపు మలుపులో వేసిన పాత ఇనుప బెండు. తుప్పు పట్టి ఉబ్బిపోయింది. దాని అడుగున సన్నటి చీలిక, అందులో నుంచి నీళ్ళు చిమ్ముతా ఉన్నాయి.

"యే హై," అన్నాడు ప్లంబరు. తర్వాత పైజాయింటు మీద వేలితో తట్టి, "ఈ అతుకు వేసింది ఎవరో గానీ పనిమంతుడు, వీళ్ళ బిల్డింగు మొత్తం వాడితోనే వేయించుకోవాల్సింది," అన్నాడు ఉర్దూలో. కరీంనగర్ అమ్మాయి అప్పటికే ఫోనులో వీడియో తీస్తా ఉంది. "అంకుల్, లీక్ బిల్డింగ్ పైపుది. వాళ్ళ జాయింట్‌ది కాదు. రాసివ్వమనండి," అని ఓనరుతో, మక్తబ్ వాడి మొహం మీదే అంది. ముసలాయన లేచి, కర్ర ఆనించి వంగి, చీలిక వైపు చూసి, మక్తబ్ వాడితో రెండే మాటలన్నాడు. వాడి నవ్వు ఎటో పోయింది. ఆ పద్దెనిమిది వేలు రద్దైనట్టు మెసేజి తర్వాతి ఆదివారం వచ్చింది, పైపూ సీలింగూ ఓనరు ఖర్చుతోనే అయినాయి. పెద్దది ఇక్కడే పరీక్షలు రాసింది. అదంతా తర్వాత.

ఆ క్షణాన నేను చున్నీ కూడా సర్దుకోకుండా మెట్ల మీదికి పరిగెత్తినా. మా ఆయన మూడో అంతస్తుకు పోయే మెట్ల మీద, గోడకు తలానించి కూర్చొని ఉన్నాడు.

"మామా! తేలిపోయింది! మనం కట్టక్కర్లేదు!"

ఆయన తలెత్తి, "జాయింటు?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. "ఏం జాయింటు?"

"నా జాయింటు. కారిందా?"

"పొడిగా ఉండాది. ప్లంబరు మెచ్చుకున్నాడు కూడా. కారింది కింద పాత బెండు."

రెండు చేతుల్లో మొహం పెట్టుకొని ఏడ్చినాడు. పెళ్ళైన పదిహేడేళ్ళలో ఆయన అట్లా ఏడవడం నేను చూడలేదు. పక్కన కూర్చొని వీపు నిమిరినా. మేము ఊరికి పోవాల్సిన పని లేదని సంతోషం అనుకున్నా.

"ఆదివారం నుంచీ అదే మే," అన్నాడు. "నీ నీళ్ళు కావని నాకు తెలుసు. నా జాయింటే ఊడిందనుకున్నా. సంతకం పెడితే వాళ్ళ మనుషులొచ్చి తవ్వి, మార్చి పోతారు. ఏది కారిందని ఎవరూ చూడరు అనుకున్నా."

నా చెయ్యి ఆయన వీపు మీద ఆగిపోయింది. నావి కావని తెలిసి కూడా, నేను రాత్రంతా నన్ను నేను తిట్టుకుంటుంటే ఈయన పక్కనే పడుకున్నాడు. పెద్దది గదిలో తలుపేసుకుంటే అన్నం ముందర కూర్చున్నాడు. ఆ అతుకు ఎవరికీ కనపడకుండా ఉండడానికి మమ్మల్ని ముగ్గుర్నీ ఫ్లైటెక్కించడానికి సిద్ధపడినాడు.

"ఎవరు చూస్తే ఏమాయె?" అన్నా. "ఆ మక్తబ్ వాడు చూస్తే ఏమాయె? ఓనరు చూస్తే ఏమాయె?"

"వాళ్ళు చూస్తే చూడనీ," అన్నాడు. "నువ్వు చూస్తావని. టార్చి పట్టుకొని ఎంత మురిసిపోయినావు ఆ రోజు. నా పని మీద నీకున్న నమ్మకం పోతుందని."

జాలీ వచ్చింది, కోపమూ వచ్చింది, ఏది ముందో నాకు తెలీలేదు. చెయ్యి తీసేసి ఒడిలో పెట్టుకున్నా. 

"ఆ నమ్మకం పెట్టుకొని, నువ్వు లేకుండా ప్రొద్దుటూరులో నేనేం చేసుకునేదాన్ని మామా?" అని అడిగినా.

లోపలి నుంచి కరీంనగర్ అమ్మాయి "అక్కా, అన్నను పిలువు, ఓనరు అడుగుతుండు," అని కేకేసింది. ఆయన మొహం తుడుచుకొని లేచి పోయినాడు. నేను వెంటనే లేవలేకపోయినా.